పేజీ నెత్తిన పేరు

ఆంధ్ర మహాభారతంలో ఒక పద్యం ఎక్కడుందని అడిగితే ఎవరూ పేజీ నంబరు చెప్పరు. ఉద్యోగ పర్వం, మూడో ఆశ్వాసం, ఇన్నో పద్యం అంటారు. పేజీ నంబరు అచ్చు అచ్చుకూ మారిపోతుంది. పర్వానికీ ఆశ్వాసానికీ ఆ బెడద లేదు. ఆది పర్వానికి 8 ఆశ్వాసాలు, సభా పర్వానికి 2, అరణ్య పర్వానికి 7. ఏ ప్రచురణ తీసినా ఈ లెక్క ఒకటే. అందుకే ఆ చిరునామా పట్టుకుని పద్యం వెతుక్కునే పాఠకుడు పుస్తకాన్ని ఎక్కడో మధ్యకు తెరిచి ముందుగా చూసేది పేజీ నెత్తిన ఏముందనే. ఎడమ పేజీ మీద పర్వం పేరు, కుడి పేజీ మీద ఆశ్వాసం, దాని పక్కన పద్యాల సంఖ్యలు ఉంటే రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పేసరికి పద్యం చేతికి వస్తుంది. ఆ చోట పుస్తకం పేరు మాత్రమే ఉంటే పాఠకుడికి దారి దొరకదు. అట్ట మీద చదివిన పేరే మళ్లీ కనిపిస్తుంది గానీ తాను ఏ పర్వంలో ఉన్నాడో తెలియదు. విషయసూచికకు వెళ్లి, అక్కడి పేజీ నంబరు చూసుకుని, మళ్లీ వెనక్కి రావాలి.

పేజీ పైన వచ్చే ఈ వరుసను కంప్యూటర్ వచ్చాక అందరం హెడర్ అంటున్నాం. అధ్యాయంతో పాటు మారేది, పేజీతో పాటు మారేది అని ఇందులో రెండు రకాలున్నాయి. పరిశోధన గ్రంథాలకూ కథా సంపుటాలకూ మొదటిది కావాలి. నిఘంటువుకూ పద్యకావ్యానికీ రెండోది కావాలి. ఇప్పుడు సిద్ధాంత గ్రంథాలు చాలావరకు రాసేవాళ్ల చేతి మీదే తయారవుతున్నాయి. సొంత ఖర్చుతో వేసుకునే సంపుటాలూ అంతే. పేజీలు కట్టడం, ప్రూఫులు దిద్దడం అన్నీ వర్డ్‌లోనో లిబ్రె ఆఫీస్‌లోనో జరిగిపోతున్నాయి. కానీ హెడర్ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది. ఒక అధ్యాయం పేరు పుస్తకమంతా పాకడం, లేదా విసుగెత్తి హెడర్‌నే తీసేయడం జరుగుతుంది. దీనికి కారణం హెడర్‌ను టైపు చేయాల్సిన విషయంగా చూడటమేనని నా అభిప్రాయం. మారే హెడర్‌లో చేత్తో ఒక్క అక్షరం కూడా కొట్టకూడదు. కింద పేజీలో ఏ శీర్షిక ఉందో చదివి, దాన్ని తానే పైకి తెచ్చుకునేలా హెడర్‌ను అమర్చాలి. అసలు శ్రద్ధ పెట్టాల్సింది శీర్షికల మీద.

మామూలుగా జరిగే పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో ముందు చూద్దాం. అధ్యాయం ముగిసిన చోట సెక్షన్ బ్రేక్ పెడతారు. తర్వాతి అధ్యాయం హెడర్ తెరిచి కొత్త పేరు కొడతారు. వెంటనే వెనకటి అధ్యాయం పేరు కూడా మారిపోతుంది. వర్డ్‌లో కొత్త సెక్షన్ హెడర్ పుట్టుకతోనే ముందు సెక్షన్ హెడర్‌కు ముడిపడి ఉంటుంది కాబట్టి. లింక్ టు ప్రీవియస్ అనే మీట ఆ ముడే. పేరు కొట్టేముందు దాన్ని విప్పాలి. పోనీ విప్పారనుకుందాం. సరి పేజీలకూ బేసి పేజీలకూ వేర్వేరు హెడర్లు, అధ్యాయం మొదటి పేజీకి మరొకటి కావాలనుకుంటే ఒక్కో సెక్షన్‌కు మూడు హెడర్లు అవుతాయి. మూడింటికీ ముడి విడివిడిగా ఉంటుంది. బేసి పేజీది విప్పి సరి పేజీది మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. 12 అధ్యాయాల గ్రంథానికి లెక్కవేస్తే 36 హెడర్లు. వర్డ్ ఫైల్ నిజానికి చాలా చిన్న ఫైళ్లను ఒక జిప్ మూటగా కట్టినది. ఆ మూట విప్పి చూస్తే హెడర్ 1, హెడర్ 2, హెడర్ 3 అంటూ ఒక్కో హెడర్ ఒక్కో ఫైలుగా కూర్చుని ఉంటుంది. ఆఖరి రోజు మార్గదర్శకుడు ఏడో అధ్యాయం పేరులో ఒక మాట మార్చమంటే శీర్షికలో మారుస్తాం, విషయసూచికలో మారుస్తాం. ఆ మూటలోని ఇరవయ్యో ఫైలు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంకో చిక్కు ఇంతకంటే లోతైనది. సెక్షన్ లక్షణాలను వర్డ్ ఆ సెక్షన్ మొదట్లో రాసిపెట్టుకోదు, చివర్లో రాసిపెట్టుకుంటుంది. అంటే మూడో అధ్యాయం హెడర్ ఏమిటన్న సమాచారం మూడో అధ్యాయం ఆఖరున ఉన్న బ్రేక్‌లో ఉంటుంది. ఖాళీ పేజీ వచ్చిందనో, గీత అడ్డుగా ఉందనో ఆ బ్రేక్‌ను చెరిపేస్తే మూడో అధ్యాయం తన హెడర్ పోగొట్టుకుని నాలుగో అధ్యాయం హెడర్ తగిలించుకుంటుంది. చెరిపినవాళ్లు చూస్తున్నది ఒక పేజీ, దెబ్బ తగిలేది దానికి ముందున్న ముప్ఫై పేజీలకు. వర్డ్ పిచ్చిగా ప్రవర్తిస్తోందని చాలామంది అనుకునే సందర్భాల్లో ఇదొకటి. కారణం తెలియకపోతే అలా అనిపించడం సహజమే. తప్పు వాడేవాళ్లది కాదు. సెక్షన్ అనేది పేజీ ఆకారం కోసం పుట్టిన ఏర్పాటు. కాగితం కొలత, అంచులు, నిలువా అడ్డమా, పేజీ నంబర్ల తీరు దాని పనులు. అధ్యాయం పేరు గుర్తుపెట్టుకునే పని దానికి అప్పగిస్తే ఇలాగే అవుతుంది.

పేరు గుర్తుపెట్టుకోవాల్సింది స్టైల్. శీర్షికను సెలెక్ట్ చేసి సైజు పెంచి బోల్డ్ చేస్తే కంటికి శీర్షికలా కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అది లావుపాటి పేరానే. దానికి హెడింగ్ 1 అనే స్టైల్ ఇస్తే అది అధ్యాయం పేరని యంత్రానికి తెలుస్తుంది. మహాభారతం ఉదాహరణలో పర్వానికి హెడింగ్ 1, ఆశ్వాసానికి హెడింగ్ 2. తర్వాత హెడర్‌లోకి వెళ్లి, ఇన్సర్ట్ మెనూలో క్విక్ పార్ట్స్, అందులో ఫీల్డ్, అక్కడి జాబితాలో స్టైల్‌రెఫ్, దాని పక్కన హెడింగ్ 1 ఎంచుకోవాలి. హెడర్‌లో పర్వం పేరు ప్రత్యక్షమవుతుంది. ఎవరో కొట్టిన అక్షరాలు కావవి, కింద ఉన్న శీర్షికకు అద్దం పట్టినట్టు పైన పడే ప్రతిబింబం. సరి పేజీ హెడర్‌లో హెడింగ్ 1, బేసి పేజీ హెడర్‌లో హెడింగ్ 2 పెడితే పుస్తకం మొత్తానికి రెండే రెండు హెడర్లు. పర్వాలు 18 ఉన్నా, ఆశ్వాసాలు ఎన్ని ఉన్నా ఆ రెండే. శీర్షికలో అక్షరం దిద్దితే ఆ అధ్యాయం పేజీలన్నింటి మీదా అది తనంతట తానే మారుతుంది.

ఆ ఫీల్డ్ వెతికే తీరు తెలిస్తే తర్వాత వచ్చే సందేహాలు చాలావరకు తీరిపోతాయి. ముందు తానున్న పేజీని పై నుంచి కిందికి చూస్తుంది. చెప్పిన స్టైల్‌లో ఏదైనా కనబడితే మొదటిదాన్ని తీసుకుంటుంది. పేజీలో ఏదీ లేకపోతే వెనక పేజీల్లోకి నడుస్తుంది. మొదటి పేజీ దాకా వెళ్లినా దొరకకపోతే అప్పుడు ముందు పేజీల వైపు తిరుగుతుంది. పుస్తకం మొత్తంలో ఆ స్టైల్ లేనే లేకపోతే తప్పు ఉందని హెడర్‌లోనే రాసి చూపిస్తుంది. దీనికి ఇంకో మాట కూడా చెప్పవచ్చు: పేజీని కింది నుంచి పైకి చూడు అని. అప్పుడు ఆ పేజీలోని చివరిదాన్ని తెస్తుంది.

నిఘంటువుకు ప్రాణం ఈ రెండో మాటలోనే ఉంది. 1852లో బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వచ్చింది. నిఘంటువు ఏదైనా దాన్ని వరసగా చదవరు, తెరిచి వెతుకుతారు. ఒక పేజీ నెత్తిన కలప, కలువ అని రెండు మాటలు ఉన్నాయనుకుందాం. కలశం కావాల్సినవాడు, కలహం కావాల్సినవాడు ఆ పేజీలోనే ఆగుతారు. కలం కావాల్సినవాడు ఒక పేజీ వెనక్కి తిప్పుతాడు, సున్నా ఉన్న మాట హల్లుల కంటే ముందు వస్తుంది కనుక. ఈ రెండు మాటలనూ పేజీ పేజీకీ చేత్తో కొట్టడమంటే, మధ్యలో ఒక్క కొత్త మాట చేర్చినా ఆ తర్వాతి పేజీలన్నీ మళ్లీ కొట్టడం. స్టైల్ పద్ధతిలో అయితే అర్థం ఇచ్చిన ప్రతి మాటకూ ఒక క్యారెక్టర్ స్టైల్ ఇస్తే చాలు. హెడర్ ఎడమన పై నుంచి వెతికే స్టైల్‌రెఫ్, కుడిన కింది నుంచి వెతికే స్టైల్‌రెఫ్. వంద మాటలు చేర్చినా, పేజీ కొలత మార్చినా అవి సర్దుకుంటాయి. పద్యకావ్యానికీ ఇదే ఉపాయం. పద్యాలకు నంబర్లు వర్డే వేస్తున్నట్టయితే, స్టైల్‌రెఫ్‌ను పద్యం మాటలు కాకుండా పద్యం నంబరు తెమ్మని అడగవచ్చు. మొదటి నంబరు, చివరి నంబరు పక్కపక్కన నిలిస్తే పాఠకుడికి 214వ పద్యం ఈ పేజీలో ఉందో లేదో కళ్లు కిందికి దించకుండానే తెలిసిపోతుంది.

ఇది వర్డ్ ఒక్కదాని తెలివి కాదు. డొనాల్డ్ నూత్ 1978లో తెచ్చిన టెక్‌లోనే ఈ ఆలోచన ఇంకా నిండుగా ఉంది. రచయిత పాఠంలో కనబడని గుర్తులు పెట్టుకుంటూ పోతాడు. పేజీ తయారయ్యాక టెక్ మూడు జవాబులు ఇస్తుంది: ఈ పేజీ మొదలయ్యేసరికి నడుస్తున్న గుర్తు ఏది, ఈ పేజీలో తగిలిన మొదటి గుర్తు ఏది, చివరిది ఏది. అడోబీ ఇన్‌డిజైన్‌లో 2007 నాటి సీఎస్3 కూర్పుతో ఇలాంటి రన్నింగ్ హెడర్ వచ్చింది. వెబ్ పేజీలను పుస్తకంగా అచ్చువేయడానికి రాసిన సీఎస్‌ఎస్ నియమాల్లోనూ ఇదే ఉంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని పనిముట్లు ఇన్ని ఒకే దారికి రావడం ఊరికే జరగలేదు. ఏ పేజీలో ఏది పడుతుందో పేజీలు కట్టేదాకా ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని ముందే టైపు చేసి ఉంచడం కుదరదు. లిబ్రె ఆఫీస్ రైటర్‌లో పేజీ స్టైల్ అనే ఏర్పాటు వేరుగా ఉంది. హెడర్‌లో అధ్యాయం అనే ఫీల్డ్ పెడితే శీర్షికను తెస్తుంది, సెక్షన్ బ్రేకుల గొడవే ఉండదు. గూగుల్ డాక్స్‌లో సెక్షన్‌కో హెడర్ పెట్టుకోవచ్చు గానీ శీర్షికను లాక్కొచ్చే ఫీల్డ్ లేదు. పెద్ద గ్రంథాన్ని అందులో రాసినా పేజీలు కట్టడానికి మరోచోటికి తెచ్చుకోవడం మేలు.

దీనికి ఎదురుచెప్పేవాళ్ల మాటల్లో మొదటిది బలమైనదే. సెక్షన్లు లేకుండా పని జరగదు కదా అంటారు. నిజమే. అధ్యాయం మొదలయ్యే పేజీ మీద హెడర్ ఉండకపోవడం మంచి పుస్తకం లక్షణం. పెద్ద అక్షరాల్లో శీర్షిక ఉన్న పేజీ మీద అదే పేరు చిన్న అక్షరాల్లో మళ్లీ ఎందుకు? మొదటి పేజీ వేరుగా ఉండాలన్న సదుపాయం సెక్షన్‌కు ఒకసారే పనిచేస్తుంది కాబట్టి వర్డ్‌లో అధ్యాయానికో సెక్షన్ కావాల్సిందే. పట్టికల కోసం అడ్డంగా తిప్పిన పేజీలకూ కావాలి. కానీ ఈ సెక్షన్లలో దేనికీ ముడి విప్పనక్కర్లేదు. లింక్ టు ప్రీవియస్ అన్నిచోట్లా అలాగే ఉండనివ్వాలి. ముడిపడిన సెక్షన్‌కు సొంత హెడర్ అంటూ ఫైల్లో ఏమీ ఉండదు, ముందుదాన్నే వాడుకుంటుంది. ఆ ముందుదానిలో ఉన్నది పేరు కాదు, ఫీల్డ్. కాబట్టి ఎక్కడికి వెళ్తే అక్కడి పేరు చదువుతుంది. ఆకారం సెక్షన్‌ది, పేరు స్టైల్‌ది అని పని పంచితే పొరపాటున ఒక బ్రేక్ చెరిగినా పేర్లు చెడవు. ముడులు విప్పి ముప్ఫైఆరు పేర్లు కొట్టేవాళ్లే నిజానికి కష్టమైన దారిలో ఉన్నారు. నాలుగు పేజీల ఉత్తరానికో పది పేజీల నివేదికకో ఇదంతా అక్కర్లేదన్నది ఒప్పుకోవాల్సిందే. దానికి పేజీ నంబరు చాలు.

రెండో అభ్యంతరం తెలుగుకు సంబంధించింది. హెడర్‌లో ఇలా చేస్తే తెలుగు అక్షరాలు చెడిపోతాయని డీటీపీ చేసేవాళ్లు అంటారు. వాళ్లు చూసి చెబుతున్న మాటే అది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు, యంత్రానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల గుర్తుల మీద తెలుగు బొమ్మలు తొడిగిన పాఠం అది. స్టైల్‌రెఫ్ శీర్షికలోని మాటలను తెస్తుంది గానీ, శీర్షిక స్టైల్ ఇచ్చిన ఫాంట్‌ను వెంట తీసుకురాదు. హెడర్‌కు ఏ ఫాంట్ ఉంటే అందులో చూపిస్తుంది. అందుకే పైన అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. హెడర్ స్టైల్‌కు కూడా అదే ఫాంట్ ఇస్తే సరిపోతుంది, యూనికోడ్‌లోకి మారితే ఆ సమస్యే రాదు. యూనికోడ్‌లోనూ రెండు జాగ్రత్తలున్నాయి. వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల కింద లెక్కవేస్తుంది. ఫాంట్ పెట్టెలో వాటికి గడి వేరు. పై గడిలో సైజు తగ్గించి కింది గడిని వదిలేస్తే తెలుగు అక్షరాలు కదలవు. ఇక రెండోది వత్తుల సంగతి. హెడర్ సన్నగా ఉండాలని వరుస ఎత్తును కచ్చితంగా ఇంత అని బిగిస్తే, రాష్ట్రం అన్న మాటలో ష కింది ట వత్తు, ర వత్తు సగానికి తెగిపోతాయి. ఇంగ్లీషు పుస్తకాల కొలతలు తెచ్చి తెలుగుకు పెట్టినప్పుడు తెగేది ముందుగా హెడరే. కనీసం ఇంత ఉండాలి అన్న కొలత పెట్టి, దానికీ పాఠానికీ మధ్య కాస్త ఎడం వదలాలి.

మూడోది కాలం మారిందన్న వాదన. అందరూ తెర మీదే చదువుతున్నారు, వెతుకు మీట ఉండగా హెడర్ ఎందుకు? వెతుకు మీట పనిచేయాలంటే కింద అక్షరాలుండాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరిన తెలుగు పుస్తకాలు స్కాన్ చేసిన పేజీ బొమ్మలు. పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో తెలుగు మాట కొట్టి వెతికితే ఏమీ దొరకదు. వాటిలో దారి చూపేది ఇప్పటికీ పేజీ నెత్తిన ఉన్న వరుసే. పైగా ఇప్పుడు పుస్తకంలోంచి పేజీలు విడిపోయినంతగా మునుపు ఎప్పుడూ విడిపోలేదు. ఒక పేజీని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, ఒక అధ్యాయాన్ని జిరాక్స్ తీయించుకుంటారు. ఆ పేజీ ఏ పుస్తకంలోది, ఏ అధ్యాయంలోది అన్నది దాని మీద లేకపోతే రచయిత పేరు కూడా ఆ పేజీతో పాటు పోతుంది. అదీగాక హెడర్ కోసం ఇచ్చిన హెడింగ్ స్టైల్ హెడర్‌తో ఆగదు. విషయసూచిక దాని నుంచే పుడుతుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు శీర్షికలతో బుక్‌మార్కులు చేయమని అడిగితే తెర మీద చదివేవాళ్లకు పక్కన అధ్యాయాల జాబితా వస్తుంది. తెర పాఠకుడికీ కాగితం పాఠకుడికీ ఒకే శ్రమ పనికొస్తుంది.

నిజంగా ఆలోచించాల్సిన ఇబ్బంది ఒకటుంది, దానికి ఒకే జవాబు లేదు. పేజీ మధ్యలో కొత్త ఉపశీర్షిక మొదలైతే పైన ఏ పేరు ఉండాలి? పై సగం పాతది, కింది సగం కొత్తది. స్టైల్‌రెఫ్ కొత్తదాన్నే చూపిస్తుంది. టెక్ ఇచ్చే మూడు జవాబుల్లో వర్డ్ ఇచ్చేవి రెండే. పేజీ మొదలయ్యేసరికి నడుస్తున్నదేదో అది చెప్పలేదు. అధ్యాయాలన్నీ కొత్త పేజీలో మొదలయ్యే పుస్తకంలో ఈ ప్రశ్న రాదు కాబట్టి హెడర్‌ను అధ్యాయంతో ఆపడం సురక్షితం. ఉపశీర్షిక కూడా కావాలంటే ఎడమ పేజీలో మొదటిదాన్ని, కుడి పేజీలో చివరిదాన్ని చూపడం మంచిదని నేను అనుకుంటాను. పుస్తకం తెరిస్తే రెండు పేజీలూ కలిసే కనిపిస్తాయి, అప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది రెండు కొనల మధ్య తేలిపోతుంది. మన సిద్ధాంత గ్రంథాల్లో శీర్షికలు పొడుగ్గా ఉండటం మరో చిక్కు. మూడు వరుసల శీర్షిక హెడర్‌లో ఇమడదు. దానికి ఉపాయం ఉంది. శీర్షికలో ముఖ్యమైన కొన్ని మాటలకు మాత్రం, ఏ రంగూ రూపూ మార్చని ఒక క్యారెక్టర్ స్టైల్ ఇచ్చి, స్టైల్‌రెఫ్‌ను హెడింగ్ 1 వైపు కాకుండా ఆ స్టైల్ వైపు తిప్పాలి. పలనాటి వీరుల కథల్లో స్త్రీ పాత్రల చిత్రణ, ఒక తులనాత్మక పరిశీలన అన్న శీర్షిక కింద అలాగే ఉంటుంది, పైన పలనాటి వీరుల కథల్లో స్త్రీ పాత్రల చిత్రణ అన్నంత వరకే వస్తుంది.

ఇంత అమర్చాక ప్రూఫులో ముందుగా చూడాల్సినవి నడిమి పేజీలు కావు, రెండు కొసలూ. ముందుమాటకు హెడింగ్ స్టైల్ ఇవ్వకపోతే ఫీల్డ్ వెనక్కి వెతికి, ఏమీ దొరక్క ముందుకు తిరిగి, ముందుమాట నెత్తిన మొదటి అధ్యాయం పేరు పెడుతుంది. ముందు పేజీల నంబర్లు ఎలాగూ వేరుగా ఉంటాయి కనుక అది విడి సెక్షనే. అక్కడ ఒక్కచోట ముడి విప్పి, మొదటి అధ్యాయం నుంచి ఫీల్డ్ మొదలుపెట్టవచ్చు. చివరి కొస దగ్గర పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. అనుబంధం, ఉపయుక్త గ్రంథసూచి, పదసూచిక అన్న పేర్లకు అధ్యాయం నంబరు వద్దని చాలామంది వాటిని బోల్డ్ చేసి వదిలేస్తారు. ఫీల్డ్ వెనక్కి వెళ్లి ఆఖరి అధ్యాయాన్ని పట్టుకుంటుంది. పదసూచిక ఆఖరి పేజీ దాకా ఉపసంహారం అనే పేరే నడుస్తుంది. వాటికీ హెడింగ్ 1 ఇచ్చి, ఆ పేరాలకు నంబరు ఒక్కటి తీసేస్తే గ్రంథసూచి మీద గ్రంథసూచి అని, పదసూచిక మీద పదసూచిక అని పడుతుంది.